చుక్కాని దగ్గర కుర్చీ

మోటార్ యాట్‌లో హెల్మ్ సీటు మార్చడం పైకి చాలా చిన్న పని. పాతది విప్పాలి, కొత్తది బిగించాలి, అంతే. కానీ అక్కడ అసలు కుర్చీ ఎందుకుంది అని అడిగితే కథ చాలా వెనక్కి వెళ్తుంది.

చిన్న పడవలో వెనక చెక్క మీద కూర్చుని తెడ్డు పట్టేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. పెద్ద ఓడ సంగతి వేరు. పదిహేడో శతాబ్దపు యూరోపియన్ ఓడల్లో చుక్కాని పట్టేవాడు డెక్ కింద నిలబడి, ఒక నిలువు కర్రని అటూ ఇటూ నెట్టేవాడు. అతనికి సముద్రం సరిగ్గా కనపడదు, పైనుంచి అరిచే ఆజ్ఞ మాత్రం వినపడుతుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో చక్రం వచ్చింది. 1765లో నీళ్ళలోకి దిగిన హెచ్.ఎమ్.ఎస్. విక్టరీలో ఒకే ఇరుసుకి రెండు చక్రాలుండేవి, తుఫానులో ఎనిమిది మంది దాకా పట్టుకోవాల్సి వచ్చేది. ఒళ్ళంతా బలం పెట్టి తిప్పాలి కాబట్టి నిలబడటానికి కారణం ఉంది.

1860ల్లో గ్రేట్ ఈస్టర్న్ ఓడలో ఆ బరువుని ఆవిరి యంత్రం ఎత్తుకుంది. బలంతో పని తగ్గింది కదా, మరి కుర్చీ వేశారా? లేదు. 1912లో టైటానిక్ చక్రం దగ్గరున్న రాబర్ట్ హిచెన్స్ కూడా నిలబడే ఉన్నాడు. కారణం పోయాక కూడా అలవాటు మిగిలింది. కూర్చుంటే ఏమరుపాటు, నిలబడితే క్రమశిక్షణ అని పైవాళ్ళ లెక్క అయ్యుండాలి.

1886లో డైమ్లర్, మేబాక్ కలిసి జర్మనీలో నెకార్ నది మీద పెట్రోల్ ఇంజన్ పడవని నడిపి చూశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో డబ్బున్నవాడు సరదా పడవని తనే నడపడం మొదలైంది. నా ఉద్దేశంలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. జీతానికి నడిపినవాడు నిలబడ్డాడు, యజమాని నడిపినప్పుడు కారులోంచి సీటు కూడా వెంట వచ్చింది.

అయితే వేగం ఆ సుఖాన్ని కాస్తా పాడుచేసింది. నీటి మీద తేలిపోతూ పరిగెత్తే పడవ అల మీంచి దూకి కిందపడినప్పుడు, నిలబడ్డవాడి మోకాళ్ళు స్ప్రింగుల్లా పనిచేస్తాయి. కూర్చున్నవాడికి దెబ్బ నేరుగా వెన్నెముకకి తగులుతుంది. 1972లో బ్రిటన్ రక్షణ పడవల సంస్థ ఆర్.ఎన్.ఎల్.ఐ. తెచ్చిన అట్లాంటిక్ 21లో సిబ్బంది గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చునేవారు. బరువులో కొంత తొడలు మోస్తాయి. 2002లో యూరోపియన్ యూనియన్ ఒళ్ళంతటికీ తగిలే కంపనాలకి ఎనిమిది గంటల పనిదినం లెక్కన పరిమితి పెట్టింది, సెకండ్ స్క్వేర్‌కి 1.15 మీటర్లు. 0.5 దాటితేనే యజమాని చర్యలు మొదలెట్టాలి. నడుంనొప్పి అనేది సరంగు సొంత గోల కాదని చట్టం ఒప్పుకుంది.

ఇదంతా తెలిశాక సీటు బిగించే పని మామూలుగా కనిపించదు. కుషన్ ముందుభాగం పైకి మడిచేలా ఉంటే, అలలు లేచినప్పుడు నిలబడి ఆనుకోవచ్చు. ముక్కు పైకి లేచినా ముందు నీళ్ళు కనపడే ఎత్తు కావాలి, చెయ్యి చాచకుండా థ్రాటిల్ అందాలి. పెడస్టల్‌ని ఫైబర్‌గ్లాస్ డెక్‌కి మామూలు స్క్రూలతో బిగిస్తే చాలదు, మనిషి బరువు దాన్ని గడ్డపారలా పెకలిస్తుంది. బోల్టులు కింది దాకా దింపి, అడుగున ప్లేటు వెయ్యాలి. కన్నాలని ఎపాక్సీతో మూయకపోతే లోపలి బాల్సా చెక్క నీళ్ళు తాగి కుళ్ళిపోతుంది. తుఫానులో ఆ సీటే ఊడొస్తే చక్రం దగ్గర ఎవరూ ఉండరు.

తెలుగులో 'చుక్కాని' అరబ్బీ 'సుక్కాన్' నుంచీ, 'సరంగు' పారశీక 'సర్‌హంగ్' నుంచీ వచ్చాయి. రెండు మాటలూ రేవు దాటి వచ్చి మనవైపోయాయి. కుర్చీ మాత్రం అంత తేలిగ్గా అందరిదీ కాలేదు. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్ళు పోరాడితే 2018లో కేరళ, ఆ తర్వాత 2021లో తమిళనాడు పనిలో కూర్చునే హక్కుని చట్టంలో రాశాయి. ఆ కౌంటర్ వెనకాల బలంతో తిప్పాల్సిన చక్రం ఎన్నడూ లేదు. అయినా కుర్చీ అడగడానికి ఇన్నేళ్ళు పట్టింది.