నాదవర్ణ సంబంధము

స్వరములకు వర్ణములు గలవనుట మనవారికిఁ గ్రొత్త గాదు. నారదీయశిక్ష షడ్జమునకుఁ దామరఱేకు వన్నెను, గాంధారమునకుఁ బసిఁడివన్నెను, మధ్యమమునకు మొల్లపూవన్నెను, పంచమమునకు నలుపును జెప్పినది. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడును సంగీతరత్నాకరమున స్వరవర్ణములను బేర్కొనెను. ఇది ప్రకృతినియమమా, కల్పనమా యను సందేహము పాఠకులకుఁ గలుగక మానదు. ఐరోపాఖండమున నీ సందేహమును యంత్రములతోడనే పరీక్షించిరి. ఆ చరిత్ర మిచ్చట సంగ్రహముగాఁ దెలుపఁబడును.

1704వ సంవత్సరమునఁ బ్రకటితమైన 'ఆప్టిక్స్' అను గ్రంథమున న్యూటను వర్ణచక్రమును స్థాయిలోని యేడు స్వరాంతరముల కొలఁదిని విభజించెను. ఫ్రెంచి జెసూటు గురువగు లూయీ బెర్ట్రాన్ కాస్టెల్ (1688–1757) యంతటితోఁ దనివి నొందక, 1725లో నేత్రవీణ యనఁదగిన యొక వాద్యము నూహించి ప్రకటించెను. మీటను నొక్కినప్పుడు దానికి నియతమైన రంగు క్షణమాత్రము గానవచ్చి మఱుగుపడవలెనని యాతని సంకల్పము. ఆతఁడు 'దో' స్వరమునకు నీలమును, 'మీ' స్వరమునకుఁ బసుపును, 'సోల్' స్వరమునకు నెఱుపును విధించెను. జర్మను సంగీతకర్త యగు టెలెమాను 1739లో నీ వాద్యమును వర్ణించుచు నొక చిన్న పొత్తమును వెలువరించెను.

రూసో మాత్ర మీ పోలికను నిరాకరించెను. రంగులు నిలుచును, స్వరములు నడచును. రంగు తనంతఁ దానే తెలియును, స్వరమునకు విలువ యితరస్వరముల సంబంధముచేతనే కలుగును అని యాతని వాదము. మన షడ్జమే యిందులకు సాక్ష్యము. అది యాధారశ్రుతి ననుసరించునదే కాని యొకానొక ధ్వనికిఁ గట్టువడినది గాదు.

రష్యాదేశీయుఁడగు స్క్రియాబిను 'ప్రొమీథియస్' అను కృతి స్వరలిపిలో వర్ణదీపముల కొక ప్రత్యేకపంక్తిని వ్రాసెను. 1911లో మాస్కోనగరమునఁ దొలి ప్రదర్శనము దీపములు లేకయే జరిగెను. 1915లో న్యూయార్కునందు రంగులతోఁ బ్రదర్శితమయ్యెను. ఈతని పట్టికలో 'దో' రక్తవర్ణము. కాస్టెలునకు నీలమైనది యీతని కెఱుపైనది! 1922లో న్యూయార్కునందే థామస్ విల్ఫ్రెడ్ తన 'క్లావిలక్సు'తో నిట్టి పట్టికలనే విడిచి, నిశ్శబ్దమైన కాంతిని మాత్రమే వాయించి చూపెను.

1995లో జపానుదేశీయుఁడగు తోషియో ఇవాయి కల్పించిన కృతియందుఁ బ్రేక్షకుఁడే వాదకుఁడు. అతఁడు తెరపై వెలుఁగుబిందువుల నుంచఁగా, నవి కదలివచ్చి పియానో మీటలను జేరును. మీటలు తమంతఁ దామే క్రుంగి మ్రోఁగును. వానినుండి వెలుఁగుబొమ్మలు పైకెగయును. ఇందుఁ గంటిని జెవిని గలుపునది పట్టిక గాదు, ప్రేక్షకుని చేయి.

పట్టికలు పరస్పరవిరుద్ధము లగుటచే నాదవర్ణసంబంధమే మిథ్య యనరాదు. కాస్టెలు పట్టిక నిలువలేదు. మీటతో రంగును గదలింపవలెనను నాతని తలంపు నిలిచినది. కావున శిక్షాగ్రంథములను బోధించు పండితులు స్వరవర్ణములను భౌతికసత్యములని చెప్పక, స్వరమును మనస్సున నిలుపుకొనుటకు సాధనములని చెప్పుట యుచితమని నాకుఁ దోఁచుచున్నది. అట్లు చెప్పిన శాస్త్రమునకు లోపము రాదు, శిష్యునకు భ్రాంతి కలుగదు.