డయాలసిస్ చరిత్రలో రక్తనాళం

డయాలసిస్ చరిత్ర అనగానే చాలామంది యంత్రంతో మొదలుపెడతారు. మీరు రక్తనాళంతో మొదలుపెట్టండి. 1943లో నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని రోగులపై వాడాడు. 1945లో ఒక వృద్ధురాలు దానివల్ల బతికింది. అయితే ప్రతి విడతకూ ఒక నాళాన్ని కోయవలసి వచ్చేది. నాళాలు అయిపోతే చికిత్సా అయిపోయినట్లే. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ ధమనినీ సిరనూ కలుపుతూ చేతికి టెఫ్లాన్ గొట్టం అమర్చాడు. అతని మొదటి రోగి ఏళ్ళ తరబడి జీవించాడు. కానీ గొట్టంలో రక్తం గడ్డకట్టేది, చీము పట్టేది. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, అపెల్ చర్మం కిందనే ధమనిని సిరకు కలిపే పద్ధతిని ప్రకటించారు. సిమినో చదువుకునే రోజుల్లో రక్తం తీసే పని చేసినవాడు. సిర విలువ అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! అదే నేటి ఫిస్టులా.

ఇక పెద్దమండ్యం వంటి మండల కేంద్రంలో మీ పని చూద్దాం. డయాలసిస్ రోగి జ్వరంతో వస్తాడు. తొందరలో ఫిస్టులా ఉన్న చేతికే సెలైన్ ఎక్కించినా, బీపీ పట్టీ బిగించినా ఆ నాళం మూసుకుపోవచ్చు. కొత్తది పెట్టినా అది పనికిరావడానికి వారాలు పడుతుంది. ఈలోగా మెడలో క్యాథెటర్, దాంతో ఇన్‌ఫెక్షన్ భయం. కనుక సూది పట్టేముందు ఏ చెయ్యో అడగండి. ఫిస్టులాపై వేళ్ళు ఆనించి ప్రకంపన చూడండి. అది ఆగిపోయి ఉంటే తర్వాతి విడత దాకా ఆగవద్దు, ఆ రోజే డయాలసిస్ కేంద్రానికి పంపండి.