ఘర్షణ మర్దన: హిప్పోక్రటీస్ నుంచి సిరియాక్స్ వరకు

మర్దన చికిత్సలో ఘర్షణ అంటే చర్మం మీద చేతిని జారించడం కాదు. వేలికొనను చర్మానికి అదిమిపెట్టి, చర్మంతో సహా కదిలిస్తూ, అడుగున ఉన్న కణజాలాన్ని రాపిడికి గురిచేయడం. ఈ పరిమితార్థం స్థిరపడడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. ప్రాచీన గ్రీకు వైద్యంలో ఒళ్లు రుద్దడమంతా ఒకే ప్రక్రియగా చెలామణి అయింది. పట్టు సడలిన కీలు బిగియడానికీ, బిగుసుకున్న కీలు వదులు కావడానికీ అదే సాధనమని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలు చెప్పాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ రుద్దుడును ఒత్తిడిని బట్టి మూడుగా, పరిమాణాన్ని బట్టి మూడుగా విడదీసి, ఆ రెంటి కలయికతో తొమ్మిది రకాలు ఏర్పరిచాడు. అయితే ఆ విభజన ఆరోగ్య పరిరక్షణకు ఉద్దేశించినదే తప్ప గాయానికి చేసే చికిత్సకు కాదు.

గాయపడిన చోటికి దృష్టిని మళ్లించినవారిలో డచ్ వైద్యుడు యోహాన్ గేయోర్గ్ మెట్స్‌గర్ (1838–1909) ముఖ్యుడు. బెణికిన పాదానికి ఘర్షణతో చేసే చికిత్సపై అతడు 1868లో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అనే నాలుగు ప్రక్రియలకు ఫ్రెంచి పేర్లతో నేటికీ వాడుకలో ఉన్న వర్గీకరణ అతని సంప్రదాయం ద్వారానే వ్యాపించింది.

20వ శతాబ్దంలో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ (1904–1985) దీనికి ‘లోతైన అడ్డు ఘర్షణ’ అనే కచ్చితమైన రూపమిచ్చాడు. గాయం మానే క్రమంలో కణజాలపు పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయనీ, పొడవునా రుద్దితే వీడని ఆ అతుకులు అడ్డంగా రుద్దితే వీడతాయనీ అతని వాదన. అందుకే చూపుడువేలిపై నడిమివేలిని ఆనించి, నొప్పి ఉన్న చోటనే, పోగులకు అడ్డంగా కదపాలి. తలంటులో మాదిరిగా నూనె రాస్తే వేలు జారి రాపిడి పైచర్మానికే పరిమితమవుతుంది కనుక నూనె పనికిరాదు. కండరానికి చేసేటప్పుడు దాన్ని సడలించి ఉంచాలి. కండరాన్ని ఎముకకు కలిపే పట్టీకి తొడుగు ఉంటే ఆ పట్టీని సాగదీసి పట్టాలి.

ప్రక్రియ ఇంత కచ్చితంగా రూపొందినా, దాని ఫలితానికి రుజువు అంత బలంగా సమకూరలేదు. మోచేతి, మోకాలి వెలుపలి వైపు పట్టీల నొప్పికి అడ్డు ఘర్షణ ఉపకరిస్తుందో లేదో తేల్చడానికి తగిన ఆధారాలు లేవని వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014లో వెలువరించిన సమీక్ష నిర్ధారించింది. కనుక ఘర్షణను వ్యాయామంతో కూడిన చికిత్సలో ఒక భాగంగానే పరిగణించాలి గానీ, అదొక్కటే నొప్పిని నయం చేస్తుందని భావించడం సమంజసం కాదు.