ముందు ముగియు వస్తువు

ముషీరాబాదునకు తూర్పున, తార్నాక చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. 1948 వరకు అచట రసాయనశాస్త్రము సయితము ఉర్దూలోనే బోధింపబడెను. అందులకు వలయు గ్రంథములకై 1917లోనే అనువాదశాల వెలసెను. మనము ఆమ్లమనుదానిని వారు తుర్షా యనిరి. పేరు మారినను లెక్క మారదని నా మనవి.

ఇంత క్షారమునకు ఇంత ఆమ్లమే సరియని తూచి, ఆ లెక్కను 1792లో శాస్త్రముగా నిలిపినవాడు జర్మను పండితుడు రిక్టరు. 40 గ్రాముల కాస్టిక్ సోడాకు 36.5 గ్రాముల హైడ్రోక్లోరికామ్లము చాలును. 73 గ్రాములు పోసితిమనుకొనుడు. సోడా ముగియగనే క్రియ ఆగును. 58.5 గ్రాముల ఉప్పు, 18 గ్రాముల నీరు పుట్టును, 36.5 గ్రాముల ఆమ్లము మిగులును. ద్రావణమంతయు 2 లీటర్లైనచో, లీటరునకు మిగిలిన యామ్లము 18.25 గ్రాములు; అదియే దాని గాఢత.

నూరు విస్తళ్లు పరచి అరువదిమందికే వండినచో, భుజించువారు అరువదిమందియే గదా! ముందు ముగియు వస్తువే ఫలమును నిర్ణయించును.

చదువునకును ఇదియే న్యాయము. నాటి హైదరాబాదు రాజ్యమున తెలుగువారే యధికులు. బుద్ధికి కొరత లేదు. శాస్త్రమును తమ నుడిలో చెప్పు గ్రంథములకే కొరత. ఆ కొరతయే ఎందరి చదువునకో హద్దయ్యెనని నేను తలంతును.