రెండు దోనెలు, ఒక కట్టు

పెరట్లో తెరచాప పడవ కట్టుకోవాలని బయల్దేరినవాడికి ముందుగా ఎదురయ్యే చిక్కు సీసం. ఒంటి పడవ గాలికి ఒరిగినా మళ్లీ నిలదొక్కుకోవాలంటే అడుగున సీసమో ఇనుమో దిమ్మగా ఉండాలి. సముద్రం దాటే పడవకైతే అది టన్నుల్లో తూగుతుంది. అంత సీసం కరిగించి పోత పోయడం ఇంట్లో అయ్యే పనేనా? అదే రెండు సన్నటి దోనెలను ఎడంగా నిలిపి అడ్డదూలాలతో కలిపితే ఆ బరువుతో పనే లేదు. వాటి మధ్య ఎడమే పడవను నిలబెడుతుంది. పైగా దోనెలు సన్నవి గనక చిన్న కొట్టంలోనే ఒకదాని తర్వాత ఒకటి చేసుకోవచ్చు.

పసిఫిక్ దీవులవాళ్లకు ఇది తాతలనాటి విద్య. దాన్ని యూరప్ పెరళ్లలోకి దింపినవాడు జేమ్స్ వారమ్. 1928లో మాంచెస్టర్‌లో పుట్టాడు. ఎరిక్ ద బిషోప్ అనే ఫ్రెంచి నావికుడు హవాయిలో కైమిలోవా అనే జంట దోనెల పడవ కట్టి, 1937లో బయల్దేరి ఆఫ్రికా కొస చుట్టి మరుసటేడు ఫ్రాన్స్ చేరాడు. ఆ ప్రయాణం మీది పుస్తకం చదివాక వారమ్‌కు కుదురు లేదు. మ్యూజియాలూ లైబ్రరీలూ తిరిగి పసిఫిక్ పడవల వివరాలు పోగేశాడు. 23 అడుగుల 6 అంగుళాల పడవ కట్టి, పొలినీసియా సముద్ర దేవుడి పేరు పెట్టాడు: టాంగరోవా. యూటా, రూత్ అనే ఇద్దరు జర్మన్ యువతులతో కలిసి 1955-56లో ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి ట్రినిడాడ్ చేరాడు.

అక్కడే 40 అడుగుల రోంగో కట్టారు. పేరుమోసిన ఫ్రెంచి నావికుడు బెర్నార్ మ్వతెస్సియే కూడా చెయ్యి వేశాడు. 1959లో ఆ పడవ మీదే ఉత్తర అట్లాంటిక్‌ను పడమర నుంచి తూర్పుకు దాటారు. జంట దోనెల పడవకు అది మొదటిసారి.

తర్వాత వారమ్ నక్షలు అమ్మడం మొదలుపెట్టాడు. అసలు కథ ఇక్కడుందని నాకనిపిస్తుంది. వడ్రంగం రానివాడికీ చేతనయ్యేలా గీశాడు. టికీ వరస పడవల్లో ప్లైవుడ్ పలకలు కోసి, అంచులు రాగితీగతో కుట్టి, ఎపాక్సీ జిగురుతో అతికి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరుస్తారు. దర్జీ పనికీ వడ్రంగానికీ మధ్యరకం పని! ఇక దూలాలను దోనెలకు బిగించేది బోల్టులతో కాదు, తాళ్లతో. అలల మీద రెండు దోనెలూ చెరో తీరుగా లేస్తాయి. బోల్టయితే ఆ ఒత్తిడంతా ఒక్క కన్నం మీదే పడుతుంది; తాడైతే కాస్త సాగి సర్దుకుంటుంది.

మన జాలర్లు తెప్ప అనేదాన్ని తమిళులు కట్టుమరం అన్నారు, దుంగలు కలిపి కట్టినదని. కట్టు మనకూ కట్టే, మరం మన మ్రాను. ఆ మాట ఇంగ్లీషు నోళ్లలో నలిగి కాటమరాన్ అయి, దుంగల తెప్పను వదిలేసి ఎక్కడో పసిఫిక్ జంట దోనెలకు అతుక్కుంది. వారమ్ తాళ్లు చూస్తే ఆ తప్పు పేరు ఇన్నాళ్లకు తగినచోటికి చేరినట్టుంది.

అతను 2021లో పోయేనాటికి అమ్ముడైన నక్షలు పదివేలు దాటాయి. టికీ వరసలో చిన్నది టికీ 21. పొడవు 21 అడుగులు, అంటే ఒకటిన్నర అంబాసిడర్ కార్లంత. రోరీ మెక్‌డూగల్ అనే కుర్రవాడు దాన్ని కట్టుకుని, కుకింగ్ ఫ్యాట్ అని పేరు పెట్టి, 1991లో బయల్దేరి 1997కల్లా భూమి చుట్టి వచ్చాడు.