రాయచూరు సీమయు, కంఠధమని కణితియు

కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు అంతర్వేది 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాజ్యములోనిదే. 1871లో రాయచూరునకు రైలు వచ్చెను. 1874లో వాడి నుండి హైదరాబాదు మార్గము తెరువబడగా, రాజధానిలోని శస్త్రవైద్యము ఈ సీమ తెలుగు, కన్నడ కుటుంబములకు అందుబాటులోనికి వచ్చెను.

దవడ కోణమునకు దిగువ, నొప్పి లేక ఏండ్ల తరబడి పెరుగు గడ్డను చూచినంతనే గండమాల యని తోచుట సహజము. క్షయ విస్తారముగా గల దేశము గదా. కాని మిక్కిలి అరుదుగా ఆ గడ్డ, కంఠధమని రెండుగా చీలుచోట నుండు బియ్యపుగింజంత అవయవము నుండి పుట్టినదై యుండును. గండమాల యనుకొని కత్తి పెట్టినచో రక్తము నాపుట దుస్తరము. వ్రేళ్లతో పట్టి చూడవలెను. ఇది ప్రక్కలకు కదలునే కాని పైకి క్రిందికి కదలదు.

1880లో రీగ్నర్ ఇట్టి కణితిని తీయ యత్నింపగా రోగి దక్కలేదు. 1886లో మైడల్ రోగి బ్రతికెను గాని పక్షవాతము సోకి మాట పోయెను. మెదడునకు రక్తము కొనిపోవు ధమనిని కట్టివేయక కణితిని తొలగించినవాడు వియన్నాలోని ఆల్బర్ట్, 1889లో.

ఆ 1889లోనే హైదరాబాదున రెండవ క్లోరోఫారము కమిషను కూర్చుండెను. ఎడ్వర్డ్ లారీ కోరికపై నిజాము ధనమిచ్చెను. లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. క్లోరోఫారముచే మొదట ఆగునది శ్వాసయే గాని గుండె కాదనియు, కనుక నాడిని గాక శ్వాసను కనిపెట్టవలెననియు వారు తేల్చిరి. హైదరాబాదు పేరు వైద్యలోకమున మారుమ్రోగినది నిజమే, కాని తీర్పు నిలువలేదు. స్వల్ప మత్తులోనే గుండె లయతప్పి ఆగవచ్చునని 1911లో లెవీ పిల్లులపై నిరూపించెను. కంఠధమని చీలికను నొక్కినంతనే నాడి మందగించును. ఇట్టి చోట కోయుచు నాడిని విడిచి శ్వాసనే చూచుట యెంత ప్రమాదమో ఊహింపవచ్చును.

1927లో మోనిజ్ లిస్బనులో ధమనులను ఎక్స్‌రే చిత్రమున చూపెను. పిమ్మట ఎడమైన రెండు శాఖల నడుమ కణితి నిలిచియుండుట కోతకు ముందే కానవచ్చెను. 1940లో గోర్డన్-టేలర్, ధమని పైపొరకు లోపలగా కణితిని ఒలుచు మార్గమును వివరించెను. 1971లో షాంబ్లిన్, ధమనిని చుట్టుకొనిన మేరను బట్టి కణితులను మూడు తరగతులు చేసెను. మూడవ తరగతిలో ధమనినే కొంత తీసి, సిర ముక్కను అతుకవలసి రావచ్చును.

రాయచూరున 2007లో ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడెను. అయినను తుంగభద్ర కాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన ఆంధ్ర రైతునకు ఇట్టి గడ్డ కనబడినచో, మొదట కావలసినది కత్తి కాదు, సూది కాదు, స్కానింగు చిత్రము. అది ఏ తరగతిదో తేలిన పిదపనే ఏ ఊరిలో కోయించుకొనవలెనను మాట.