హెచ్4 హెడ్‌లైట్లు: రాత్రి వెలుగు పెంపు

రెండు ఫిలమెంట్ల హాలోజన్ బల్బుతో వెలిగే కారు హెడ్‌లైటు రాత్రిపూట మరింత దూరం, మరింత స్పష్టంగా చూపించేలా చేసే మార్పులన్నిటినీ కలిపి హెచ్4 హెడ్‌లైట్ల మెరుగుదల అంటారు. వైరింగు సరిచేయడం, అద్దాన్ని బాగుచేయడం, బల్బును గానీ మొత్తం లాంపును గానీ మార్చడం, ఫోకస్ సెట్ చేయడం దీని కిందికి వస్తాయి. భారతదేశంలో చిన్న కార్లు, జీపులు, తేలికపాటి వాణిజ్య వాహనాల్లో దశాబ్దాలుగా ఎక్కువగా కనిపించే బల్బు ఇదే కనుక ఈ వ్యాసం ప్రధానంగా దీనికే పరిమితం. వాడుకలో ‘వెలుగు పెంచడం’ అంటే బల్బు మార్చడమనే అర్థం స్థిరపడింది. అయితే చాలా పాత వాహనాల్లో లోపం బల్బుది కాదు, బల్బు దాకా చేరని కరెంటుది, దారి తప్పిన ఫోకస్‌ది.

చరిత్ర

దూరానికి వేసే అప్పర్, కిందికి వంగే డిప్పర్ రెండింటినీ ఒకే బల్బులో ఇమిడ్చిన తొలి నమూనాగా ఓస్రామ్ కంపెనీ బైలక్స్‌ను చెబుతారు. ఇది వచ్చిన ఏడాదిని కొందరు 1924గా, మరికొందరు 1925గా రాశారు. తయారీదారు తన చరిత్రలో 1925నే పేర్కొంటుంది కాబట్టి ఆ తేదీనే తీసుకోవడం మేలు. అమెరికా మరో దారి పట్టింది. బల్బు, రిఫ్లెక్టర్, అద్దం కలిపి మూసేసిన ఏడంగుళాల గుండ్రటి ‘సీల్డ్ బీమ్’ను 1940 నుంచి ప్రమాణంగా పాటించింది. విడిగా బల్బు మార్చుకోగల లాంపులకు అక్కడ అనుమతి దొరికింది 1983లో.

యూరప్‌లో కార్లకు హాలోజన్ బల్బు 1962లో వచ్చింది. అది ఒకే ఫిలమెంటుది. రెండు ఫిలమెంట్ల హెచ్4 రావడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. జినాన్ లాంపు 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలైంది. ఎల్‌ఈడీ హెడ్‌లైటు తొలి ఘనతను కొందరు 2007 నాటి లెక్సస్ ఎల్‌ఎస్ 600హెచ్‌కూ, కొందరు ఆడి ఆర్8కూ ఇస్తారు. లెక్సస్‌లో ఎల్‌ఈడీ డిప్పర్‌కే పరిమితం, ఆడిలో ముందు దీపాలన్నీ ఎల్‌ఈడీవే. కనుక రెండు వాదాలూ తమ తమ అర్థంలో నిలబడతాయి.

బల్బు నిర్మాణం

హెచ్4 బల్బు అప్పర్ ఫిలమెంటు 60 వాట్లు, డిప్పర్ ఫిలమెంటు 55 వాట్లు. 13.2 వోల్టుల వద్ద వీటి ప్రామాణిక కాంతి వరుసగా 1,650, 1,000 ల్యూమెన్లు. వాట్లలో తేడా స్వల్పమే అయినా కాంతిలో ఇంత వ్యత్యాసం ఉండటానికి కారణం డిప్పర్ ఫిలమెంటు కింద దొప్పలా అమర్చిన లోహపు రేకు. కిందికి వెళ్లే కాంతిని అది ఆపేస్తుంది. దాంతో డిప్పర్‌లో రిఫ్లెక్టర్ పైభాగమే పనిచేసి కాంతి రోడ్డు మీదికి వంగుతుంది. ఆ రేకు అంచు నీడే గోడ మీద వెలుగుకూ చీకటికీ మధ్య కనిపించే స్పష్టమైన గీత.

ఎడమవైపు నడిచే మన దేశంలో ఆ గీత ఎడమ పక్కన 15 డిగ్రీలు పైకి లేస్తుంది. రోడ్డు అంచున నడిచేవారు, సైకిళ్లు కనిపించేది ఈ వాలు వల్లనే. కుడివైపు నడిచే దేశాల కోసం తయారైన లాంపును అమెరికా నుంచో గల్ఫ్ నుంచో తెప్పించి బిగిస్తే అదే కాంతి ఎదుటి డ్రైవరు వైపు మళ్లుతుంది. కొనే ముందు తప్పక చూసుకోవలసిన అంశమిది.

పాత వాహనాల్లో పీ45టీ అనే వేరే బల్బు పీఠం ఉండేది, హెచ్4ది పీ43టీ. ఒకదాని చోట మరొకటి కూర్చోదు. పీ45టీ పీఠంతోనే తయారైన హాలోజన్ బల్బులు మార్కెట్లో ఉన్నాయి. అయితే పాత రిఫ్లెక్టర్‌లో వాటి కాంతి ఎలా పరుచుకుంటుందో గోడ మీద వేసి చూశాకే రోడ్డెక్కాలి.

వోల్టేజి నష్టం, రిలే

ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజితో పాటు సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. సుమారుగా వోల్టేజి 3.4వ ఘాతాన్ని అనుసరిస్తుందని ఇంజనీర్ల లెక్క. 13.2 వోల్టులు అందాల్సిన చోట 12 వోల్టులే అందితే వెలుగు దాదాపు 72 శాతానికి దిగుతుంది. అంటే 1,000 ల్యూమెన్ల డిప్పర్ 720 వద్ద ఆగిపోతుంది.

చాలా పాత కార్లలో హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండానే పోతుంది. రెండు బల్బులకూ కలిపి దాదాపు 10 ఆంపియర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరుకు సుమారు 0.0175 ఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. బ్యాటరీ నుంచి స్విచ్చు దాకా వచ్చి తిరిగి బల్బు దాకా పోయే నాలుగు మీటర్ల తీగలోనే 0.7 వోల్టులు పోతాయి. నల్లబడిన స్విచ్చు కాంటాక్టులు, తుప్పు పట్టిన ఎర్తు మరికొంత మింగేస్తాయి.

పరీక్ష సులభం. ఇంజిన్ నడుస్తుండగా డిప్పర్ వేసి, మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్‌కూ, రెండోదాన్ని బల్బు వెనక పాజిటివ్ పిన్నుకూ తాకించాలి. అర వోల్టు దాటితే రిలే వేయడం ప్రయోజనకరం. ఎర్తు వైపూ ఇలాగే విడిగా చూడాలి.

రిలే పద్ధతిలో స్విచ్చు గుండా రిలే చుట్టను లాగేంత కొద్ది కరెంటే పోతుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే మీదుగా మందపాటి తీగలో నేరుగా బల్బుకు చేరుతుంది. సాధారణ రిలేలో 30 అంకె పిన్నుకు బ్యాటరీ సరఫరా, 87కు బల్బు, 85, 86లకు చుట్ట కలుపుతారు. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఫ్యూజు లేని రిలే కిట్టు వాడటం నిప్పుతో చెలగాటమే. అప్పర్‌కు ఒకటి, డిప్పర్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు వేయడం మంచి పద్ధతి. ఖర్చుకు తగ్గ ఫలితం అన్నింటికంటే ఎక్కువగా ఇచ్చేది బహుశా ఈ మార్పే.

ఇందులో ఒక నష్టం ఉంది. వోల్టేజి పెరిగితే ఫిలమెంటు ఆయుష్షు తగ్గుతుంది. 5 శాతం పెరుగుదలకు వెలుగు సుమారు 18 శాతం పెరిగితే, ఆయుష్షు దాదాపు సగానికి వస్తుంది.

అద్దం, రిఫ్లెక్టర్

గాజు అద్దాల లాంపులు పసుపెక్కవు. పాలీకార్బనేట్ అద్దాలు ఎండకు పైపూత పోయి మసకబారతాయి. బాగా మసకబారిన అద్దం కొత్తదానిలో ఐదో వంతు కాంతినే పంపుతుందని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018 పరీక్షల్లో తేలింది. వాటర్ పేపర్‌తో గరుకు నుంచి నునుపుకు అంచెలంచెలుగా రుద్ది, పాలిష్ పట్టి, చివర అతినీలలోహిత కిరణాలను ఆపే పూత వేస్తే చాలా భాగం తిరిగి వస్తుంది. పూత వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ మసకేస్తుంది. లోపలి రిఫ్లెక్టర్ పొర రాలిపోతే మాత్రం తుడిచినా లాభం లేదు, లాంపు మార్చాల్సిందే.

ఎక్కువ వాట్ల బల్బులు

100/90 వాట్ల బల్బులు స్పేర్ పార్టుల దుకాణాల్లో సులభంగా దొరుకుతాయి. రెండు డిప్పర్లు కలిపి 15 ఆంపియర్లు లాగుతాయి. 10 ఆంపియర్లకు వేసిన పాత తీగలు, ప్లాస్టిక్ హోల్డర్లు ఆ వేడికి కరిగిన సందర్భాలు మెకానిక్కులకు తెలిసినవే. రిఫ్లెక్టర్ పూతా దెబ్బతింటుంది. నీలిపూత బల్బులు తెల్లగా కనిపిస్తాయి గానీ, ఆ పూత కాంతిలో కొంత భాగాన్ని మింగుతుంది.

ఎల్‌ఈడీ, జినాన్ బిగింపులు

హెచ్4 రిఫ్లెక్టర్‌ను ఫిలమెంటు ఉండే చోటును బట్టి గీశారు. ఎల్‌ఈడీ బల్బులో కాంతి సన్నటి చుట్ట నుంచి కాక, పలక రెండు ముఖాల మీది చిప్పుల నుంచి వస్తుంది. చిప్పు స్థానం కొద్దిగా జరిగినా డిప్పర్ గీత చెదిరిపోయి ఎదుటివారి కళ్లల్లో పడుతుంది. జినాన్ కిట్లలో ఈ సమస్య మరింత ఎక్కువ.

మరో భ్రమ కారు ముందు పది మీటర్ల నేల మీద పరుచుకునే తెల్లటి వెలుగు. అది చూసి లైటు అద్భుతంగా ఉందనిపిస్తుంది. కానీ ఆ వెలుగుకు కనుపాప కుంచించుకుపోయి, దూరాన ఉన్నది మరింత చీకటిగా కనిపిస్తుంది. అలాగని ఎల్‌ఈడీ బల్బులన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. జర్మనీలో 2020 అక్టోబరులో ఓస్రామ్ హెచ్7 ఎల్‌ఈడీ బల్బుకు తొలిసారి రోడ్డు అనుమతి లభించింది, అదీ పరీక్షించిన కొన్ని కార్ల నమూనాలకు మాత్రమే. ఏ లాంపులో ఏ బల్బు అన్నదే అక్కడ అనుమతికి ఆధారం.

ఫోకస్

ఏ మార్పు చేసినా చివరి పని ఫోకస్ సెట్ చేయడమే. టైర్లలో సరిపడా గాలి, సీట్లో డ్రైవరు, చదునైన నేల, పది మీటర్ల దూరంలో గోడ ఉండాలి. ఒక శాతం వాలుకు గోడ మీద డిప్పర్ గీత లాంపు మధ్య ఎత్తుకు 10 సెంటీమీటర్లు కిందుగా పడాలి. నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న లాంపు కాంతి అప్పుడు 65 మీటర్ల దాకా పోతుంది. వాలు రెండు శాతమైతే 32 మీటర్లకే నేలను తాకుతుంది. ఒక్క స్క్రూ తిప్పితే సగం చూపు పోవచ్చు, రావచ్చు. వెనక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే ముందుభాగం లేచి కాంతి పైకి పోతుంది. డ్యాష్‌బోర్డు మీద లెవెల్ చక్రం ఉంటే తిప్పుకోవాలి.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 106వ నియమం ప్రకారం, వాహనం ముందు 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలగకుండా కాంతి కిందికి వంగి ఉండాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాణాల ప్రకారం ఉన్న బల్బుకు సరైన వోల్టేజి అందించే రిలే వైరింగును ఈ నిషేధం కిందికి తేవడం కష్టమే. లాంపు స్వభావాన్నే మార్చే కిట్ల విషయం వేరు.

వెలుగుకు హద్దు

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేందుకు సెకనున్నర పట్టినా అప్పటికే 33 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 40 మీటర్లు పడుతుంది. చక్కగా సెట్ చేసిన డిప్పర్ కూడా ముదురు రంగు బట్టల్లో ఉన్న మనిషిని అంత దూరాన చూపలేకపోవచ్చు. అందుచేత పైన చెప్పిన మార్పులన్నీ చేశాక కూడా, ఎదురుగా వాహనం వచ్చి డిప్పర్ వేసిన ప్రతిసారీ వేగం తగ్గించక తప్పదు.